సూరయ్యకి సద్ది పెట్టిన పెంచలమ్మ

పెంచలమ్మది కొండ కింద ఊరంట. ఆ ఊళ్ళో యాడ చూసినా చెట్లే అనుకో. నేరేళ్ళు, చింతలు, ఇప్పచెట్లు, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నిలబడి ఉంటాయి. ఎండ నేలకి దిగాలంటే ఆకుల్ని బతిమాలుకోవాల. అట్టాంటి ఊళ్ళో పుట్టిన పిల్లని తీసుకొచ్చి యాడ ఇచ్చారంటే, సముద్రం పక్కన ఉప్పు మడులుండే ఊళ్ళో ఇచ్చారంట. మొగుడు మస్తానయ్య మంచోడు, దాంట్లో మాట లేదు. అత్త కోటమ్మ కూడా మంచిదే, కాకపోతే మాట తక్కువ. ఊరు మాత్రం ఎట్టాంటిదనుకున్నారు? ఉప్పునేల కదా, గడ్డిపరక కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుని మొలుస్తాది. కనుచూపు మేర తెల్లగా మడులు, పైన ఆకాశం, మధ్యలో అడ్డమనేది లేదు. ఆమెకి ఇద్దరు పిలకాయలు. పెద్దది చెంగమ్మ, చిన్నోడు పోలయ్య. ఒక ఎండాకాలం ఏమైందంటే, ఈ ఇద్దరూ నాయనెంట మడుల్లోకి పోయి, పొద్దు పొడిచిన కాడినుంచి పొద్దు గుంకే దాకా ఒంటిమీద గుడ్డ లేకుండా ఆడుకున్నారంట. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు మిరప్పండు. ముక్కుల మీద తోలు ఉల్లిపొర మాదిరి లేచింది. దుప్పటి తగిలినా ఏడుపే, గాలి తగిలినా ఏడుపే. తడిగుడ్డలు వేసి వేసి పెంచలమ్మ చేతులు నానిపోయినాయి.

ఇంక అప్పుడు ఆమె ఏం చేసిందంటే, గోనెపట్టా కుట్టి వాకిలికి అడ్డం కట్టేసిందంట. పొద్దు పొడిస్తే పిలకాయలు లోపల, పొద్దు గుంకితే బయట. మస్తానయ్య, ఏమే, ఊళ్ళో పిలకాయలందరూ తిరగడంలా అని అడిగితే, తిరుగుతున్నారు, తిరిగి తిరిగి పెద్దైనోళ్ళ మొహాలు చూడు, ఎండుచేపలు నయం అన్నదంట. ఇంక ఆయన నోరెత్తలా. ఎత్తితే ముందు ఆయన మొహం సంగతే వస్తది కదా. లోపల కూర్చుని కూర్చుని ఆ బిడ్డలు కుండ కింద మొలిచిన గడ్డి మాదిరి పాలిపోయినారు. అదొక బాధ. ఇంకో బాధ ఏందంటే, ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ఏటా తొలి ఉప్పు తీసే రోజు పెద్దోళ్ళు తట్ట ముట్టరు. ప్రతి ఇంటి పిలకాయలూ తలా ఒక చిన్నతట్ట ఉప్పు మోసుకొచ్చి రాశి మీద పోయాల. పోసినోళ్ళు ఊరి పిలకాయలు, పోయనోళ్ళు చుట్టాల పిలకాయలు. పోయినేడు వీళ్ళిద్దరూ పోయలా. ఇంకేముంది, ఊళ్ళో పిల్లమూక గోనెపట్టా కాడికొచ్చి, చుట్టాలూ, ఎప్పుడొచ్చారు, భోజనాలైనాయా, మళ్ళీ ఎప్పుడు ప్రయాణం అని ఎగతాళి. చెంగమ్మ పెద్దది గనక తిరిగి నాలుగు తిట్టేది. పోలయ్య చిన్నోడు కదా, నిజమే అనుకున్నాడు. ఒకరోజు వచ్చి తల్లి చీరకుచ్చిళ్ళు పట్టుకుని అడిగినాడంట.

"అమ్మా, మనం మనూరికి ఎప్పుడు పోతాం?"

ఆ మాటకి పెంచలమ్మకి గుండె చెరువైపోయింది. ఇదే నీ ఊరు నాయనా అందామంటే నోరు రాలా. ఊరిని చూపించకుండా దాచిపెట్టింది తానే కదా. ఆలోచించింది, ఆలోచించింది. కాల్చేవాణ్ణి వదిలిపెట్టి బిడ్డల్ని కట్టేస్తే ఏం లాభం, వాణ్ణే అడగతా అనుకున్నది. కోడికూతకి ముందే లేచి, సద్దన్నంలో మజ్జిగ పోసి, నంజుకోను ఉల్లిపాయ పెట్టి, ముంత తీసుకుని సముద్రపొడ్డుకి పోయింది. కాసేపటికి సూరయ్య నీళ్ళలోంచి పైకొచ్చినాడు. నవ్వుతారేంది, మీరు పొద్దున్నే లేవరు గనక చూళ్ళేదు. అప్పుడే తలకి పోసుకున్న మనిషి మాదిరి ఎర్రగా, చల్లగా, జుట్టులోంచి నీళ్ళు కారుతా ఉన్నాడంట. పుట్టినప్పటి నించి ఆయనకి దణ్ణం పెట్టినోళ్ళే గానీ సద్ది పెట్టినోళ్ళు లేరు. ముంత చూడంగానే గట్టుమీద కూర్చున్నాడు. ఆయన తింటా ఉంటే పెంచలమ్మ అడిగింది, సామీ, నా బిడ్డలు నీకేం అపకారం చేశారు అని. ఆయన ఉల్లిపాయ కొరికి, నీ బిడ్డలంటే నాకేం పగ తల్లీ, పొద్దున వస్తే ఒళ్ళో కూర్చోబెట్టుకుంటా, సాయంత్రం వస్తే జోల పాడతా. మిట్టమధ్యాన్నం మాత్రం నా చేతుల్లో లేదు, నెత్తిన బరువుతో ఎక్కుతా ఉంటా, కాలికింద ఎవరుండేదీ కనపడదు అన్నాడంట. మరి నాకెట్టా తెలవాల అంటే, వాళ్ళ నీడ చూడు, నీడ బిడ్డకంటే పొడుగ్గా ఉంటే ఆడుకోనీ, పొట్టిదైతే ఏదన్నా కప్పు కిందికి పిలువు. ఎప్పుడు తిరిగినా నెత్తికి తాటాకు టోపీ, ఒంటికి చేతులు కప్పే నూలుచొక్కా ఉండాల, అన్నాడు.

అంతటితో వచ్చేస్తే ఆమె పెంచలమ్మ ఎందుకవుద్ది. నీడ బిడ్డకి సరిసమానంగా ఉంటే ఏం చేయాల అనడిగింది. అప్పుడూ లోపలికే అన్నాడు. మబ్బు పడితే? మబ్బు పలచటి గుడ్డ తల్లీ, దాంట్లోంచి కూడా నా చెయ్యి దూరుద్ది. నీళ్ళలో ఉంటే చల్లగానే ఉంటది కదా? చల్లగా ఉందని బిడ్డలు నన్ను మరిచిపోతారు, నేను వాళ్ళని మరిచిపోను. గాలి తోలితే? చలికాలమైతే? చిన్నోడు టోపీ ఊడదీసి పారేస్తే? ఆ చివరిదానికి మాత్రం, అది నీకూ వాడికీ మధ్య సంగతి అన్నాడంట. ఈమె ఇట్టా అడగతా ఉంటే ఆయన లేవలేకపోయె. ఊళ్ళో ఏమో తూరుపు ఎర్రబడి అట్టానే నిలిచిపోయింది. కోళ్ళు కూసి కూసి గొంతులు బొంగురుపోయినాయి. గేదెల కాడ చెంబులు పట్టుకున్నోళ్ళు, ఇది తెల్లారిందా తెల్లారలేదా, పితకాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంట. చివరికి సూరయ్యే, నన్ను పోనీ తల్లీ, లోకం కాచుకోనుంది అని ముంత కడిగిచ్చి పోయినాడు.

పెంచలమ్మ ఇంటికొచ్చి గోనెపట్టా ఎత్తి కట్టింది. పాతచీర చించి పొడుగుచేతుల చొక్కాలు కుట్టింది, తాటాకు టోపీలు అల్లింది. ఇంక చూడు ఆ పిలకాయల సంబరం. పొద్దున్నే నీడలు తాటిచెట్లంత పొడుగు, ఆ నీడల్ని తొక్కబోయేది, అవి తప్పించుకునేది. పెంచలమ్మ గట్టుమీద నిలబడి, ఒరే పోలా, నిటారుగా నిలబడరా కొలుస్తా అంటది. వాడేమో నీడ పొడుగవుద్దని మునివేళ్ళ మీద లేస్తాడు. ఒరే, నువ్వు లేస్తే నీతో పాటు అదీ లేస్తది గానీ దిగు అంటది. అంతా బాగుంది కదా. కానీ ఏమైందంటే, నాలుగు రోజులకి ఇద్దరికీ గడ్డం కింద ఎర్రగా కమిలింది. ముక్కుపుటాల కింద, చెవుల కింద మంట. నెత్తిన టోపీ ఉంది, నీడా పొడుగ్గానే ఉంది, మరి ఎట్టా కమిలింది? పెంచలమ్మకి ఒళ్ళు మండింది. గోనెపట్టా మళ్ళీ దించేసింది. తొలి ఉప్పు చూస్తే ఎల్లుండే. పోలయ్య ఏడవలేదంట, ఊరికే మూల కూర్చున్నాడు. అది ఏడుపు కంటే కష్టంగా ఉంది ఆ తల్లికి. మర్నాడు మళ్ళీ ఒడ్డుకి పోయింది, ఈసారి ముంత లేదు.

మాటిచ్చి తప్పుతావా, సద్ది తిన్న ఇంటికే చేటు చేస్తావా అని నీళ్ళలోంచి తల ఎత్తీ ఎత్తకముందే పట్టుకున్నది. పాపం సూరయ్య, ఒట్టు తల్లీ, నేను పైనున్నా, టోపీ చూశా, టోపీ మీదే కూర్చున్నా, కింది నుంచి తగిలింది నేను కాదు అన్నాడు. మరి ఎవురు, నీకు తమ్ముడున్నాడా అంటే, ఆయన కాస్త సిగ్గుపడి, ఉన్నట్టే అనుకో, మీ మడుల్లో ఉప్పుంది కదా, నేను పైన ఒకణ్ణైతే దాంట్లో మడికొకడు మెరుస్తా ఉంటాడు, నేను కిందికి చూస్తే వాళ్ళు పైకి చూస్తారు, వాళ్ళకి టోపీ అడ్డం రాదు అన్నాడంట. మరి ఆ మాట మొన్న చెప్పొద్దా అని ఈమె నిలదీస్తే, నువ్వు అన్నీ అడిగావు, అదొక్కటే అడగలా, అయినా మీ అత్తకి తెలవందా, ఆమె మొహం చూద్దామని పెళ్ళైనకాడి నించి కాచుకోనున్నా, ఒక్కరోజు కనపళ్ళా అన్నాడు.

పెంచలమ్మకి అప్పుడు వెలిగింది. కోటమ్మ మడుల్లోకి పోతే పైటచెంగు ముక్కు మీదికి లాగి, మెడ చుట్టూ చుట్టి, కళ్ళు మాత్రం కనపడేట్టు కట్టుకునేది. ఆ ఊళ్ళో ఆడోళ్ళందరూ అంతే. పెంచలమ్మ కాపరానికొచ్చిన రోజున వాళ్ళు మడుల్లోంచి అట్టాగే వచ్చి కొత్తకోడల్ని చూశారు. ఈమె ఏమనుకున్నదంటే, నేను తలకి రాసుకున్న ఇప్పనూనె వాసన వీళ్ళకి పడలా, అందుకే ముక్కులు మూసుకున్నారు అనుకున్నది. ఆ రోజు నించి ఇప్పనూనె మానేసింది. ఎవరితో అనలా, మనసులో పెట్టుకున్నది. ఇన్నేళ్ళకి ఇప్పుడు ఇంటికొచ్చి అత్తని అడిగింది, అత్తా, నువ్వు మొహానికి గుడ్డ ఎందుకు కట్టుకుంటావు అని. కోటమ్మ వింతగా చూసి, ఉప్పు కింది నుంచి కాలుస్తది, కట్టుకోకపోతే ఎట్టా అన్నది. నాకెందుకు చెప్పలా అంటే, చెప్పేదేముంది, అన్నానికి కూర్చునేవాళ్ళని చెయ్యి కడుక్కోమని చెప్తామా, నువ్వు కట్టుకోకపోతే కొండోళ్ళ తోలు గట్టిదేమోలే అనుకున్నా అన్నదంట. అప్పుడు పెంచలమ్మ ఇప్పనూనె సంగతి చెప్పింది. కోటమ్మ, నువ్వొచ్చిన రోజు ఇల్లంతా ఆ వాసనే, ఎంత బాగుండిందో, ఎందుకు మానేశావా అని నేనూ అడగలా అన్నది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వినారంట. అడగాల్సింది అడక్కుండా ఒకే కుండలో అన్నం తిన్నారు చూడు ఇన్నేళ్ళు. నవ్వడం అయినాక, ఇద్దరూ కూర్చుని పిలకాయలకి మెడా ముక్కూ కప్పేట్టు గుడ్డలు కట్టి చూశారు.

అంతా అయింది, ఒక్కటి మిగిలింది. తొలి తట్ట పోసేది మిట్టమధ్యాన్నం. మనిషి నీడ కాళ్ళ కిందికి దూరినాకే పోయాలంట, అది పద్ధతి. పెంచలమ్మ పెద్దమేస్త్రి మాలకొండయ్య కాడికి పోయి, మామా, ఈ ఒక్కేడు పొద్దున్నే పోయనీ అని అడిగింది. ఆయన మీసం మీద చెయ్యేసి, మా తాత కాలం నించి మధ్యాన్నమే, ఎండకి జడిసేవాళ్ళకి ఉప్పెందుకమ్మా, కొండకి పోండి అన్నాడంట. చుట్టూ ఉన్నోళ్ళు నవ్వినారు. పెంచలమ్మ తల దించుకుంది, అయినా కదల్లా. బిడ్డ అడిగిన మాట చెవుల్లో ఉంది కదా. అప్పుడు వెనక నించి కోటమ్మ వచ్చింది. అంతకుముందు నలుగురిలో ఆమె నోరు తెరిచింది ఎవురూ ఎరగరు. మొహానికున్న గుడ్డ కూడా తియ్యకుండా చెప్పింది.

"మాలకొండా, మీ తాత తెల్లారి లేచిన రోజు నేనెరగను. ఆయన లేచి, మొహం కడిగి, సద్ది తాగి వచ్చేసరికి మధ్యాన్నమయ్యేది. ఆయన కోసం అప్పటి పిలకాయలం మేం తట్టలు పట్టుకుని మాడి చచ్చేవాళ్ళం. అది పద్ధతి కాదబ్బయ్యా, నిద్ర."

ఇంక చూస్కో, ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. ముసలోళ్ళు కొందరు, అవునవును, గురక మడుల దాకా వినపడేది అన్నారు. మాలకొండయ్య కాసేపు గింజుకున్నాడు, మీసం దువ్వుకున్నాడు, చివరికి ఆయనకే నవ్వు ఆగలా. సరే పొద్దున్నే కానీండి, నేను కూడా పెందలాడే పడుకుంటా అన్నాడంట. మర్నాడు తెల్లవారుజామునే తల్లులందరూ పెంచలమ్మ వాకిట్లో నిలబడినారు, మా పిల్లకి కట్టు, మా వాడికి కట్టు అని. ఎవరి బిడ్డలు ఎవరో తెలవకుండా పోయినారు. టోపీలు, గుడ్డలు, మధ్యలో కళ్ళు. తట్టలెత్తుకుని మడుల గట్ల మీద బారుగా వస్తా ఉంటే, పక్కన వాళ్ళ నీడలు అంతంత పొడుగు తట్టలెత్తుకుని నడిచినాయి. చెంగమ్మ దర్జాగా వచ్చి పోసింది. పోలయ్య పోశాడు. పోసి ఊరుకోలా, ఇంకో తట్ట తెచ్చినాడు, ఇంకోటి తెచ్చినాడు, చాల్లేరా అన్నా వినలా. చివరికి రాశి ముందు నిలబడి, మొహం మీది గుడ్డ కిందికి లాగి, తల్లిని కేకేసినాడు.

"అమ్మా, మన ఉప్పు చూడు, ఎంత తెల్లగా ఉందో."

పెంచలమ్మకి కళ్ళనీళ్ళు తిరిగినాయి. అయినా ఆమె ముందు చేసిందేందంటే, పరిగెత్తిపోయి వాడి మొహాన గుడ్డ పైకి లాగింది. తర్వాతే ఏడ్చింది. నీడలు పొట్టివి కాంగానే పాత తెరచాపలతో వేసిన పందిట్లోకి అందరూ చేరి, చేపలపులుసూ అన్నం తిని, సాయంత్రం దాకా కథలు చెప్పుకుని, పొద్దు వాలినాక మళ్ళీ బయటికొచ్చి, మడులకి నీళ్ళొచ్చే కాలవలో పడి ఈదులాడినారంట. ఆ బెంగ అంతటితో తీరింది. తీరితే ఇంక ఆమె సుఖంగా ఉందా అని అడగబాకండి. ఆ మర్నాడే కాలవ గట్టుమీద నిలబడి, ఒక పొడుగు కర్ర తీసుకుని నీళ్ళ లోతు కొలుస్తా ఉండిందంట. పిలకాయలు మాత్రం ఆమె కర్ర చుట్టూ ఈదుతానే ఉన్నారు.