పసుపు పోయాకే సున్నం

రండి అల్లుడుగారూ, ఆ స్టూలు మీద కూర్చోండి. ల్యాబు వదిలి మీరు నా మోటారు గదికి వచ్చారంటేనే అనుమానం నాకు. పైగా చేతిలో కాగితం! ఆ స్టోరు కీపరు సంగతేగా? నాలుగింటికి మేనేజరు పిలిచి వాణ్ణి పంపించేస్తాడని విన్నాను. మంచి పని. మూడుసార్లు రాసిచ్చాను మరి, వాడు నీళ్ళలో విషం విరిచే పొడి మార్చేస్తున్నాడని. మంచి బస్తాలు ఎటో పోతున్నాయి, నా ట్యాంకులో పడేది వట్టి పిండి.

ఏంటీ, పరీక్ష చేశారా? పొడి బాగుందా?

బాగుంటుంది మరి! మీకు పంపిన గుప్పెడు బాగానే ఉంటుంది. చెడ్డది పంపడానికి వాడేమన్నా వెర్రివాడా?... ఏంటేంటీ? నా బస్తాలోంచే తీశారా? నాకో మాట చెప్పకుండానే? అంటే నా మీద కూడా కన్నేశారన్నమాట. పిల్లనిచ్చిన మామ మీద! బాగుందండీ, చాలా బాగుంది.

ఇరవై ఆరేళ్ళు, తెలుసా? ఇనుముకి పూత వేసే ప్లేటింగు షెడ్డు నుంచి క్రోమియం నీళ్ళు పసుపుగా దిగుతాయి. ముందు యాసిడ్, తర్వాత ఈ పొడి. కలిపేకొద్దీ పసుపు పోయి ఆకుపచ్చ తిరగాలి. పూర్తిగా తిరిగాకే సున్నం. అప్పుడే విషం బురదై అడుక్కి దిగుతుంది. తొందరపడి ముందే సున్నం కొట్టామా, అంతే సంగతులు. విషం కాస్తా నీళ్ళతోపాటే కాలవలోకి జారుకుంటుంది. అందులో పిల్లలు ఈతలు కొడతారు. ఇవన్నీ నాకు తెలీదనా? మీటరు పెట్టి చూడండి మామయ్యగారూ అన్నారు మీరు. నా కళ్ళ ముందు మీటరెంతండీ అన్నాను. అన్నానా లేదా?

మరి మూడు వారాలుగా బయటికెళ్ళే నీళ్ళలో క్రోమియం ఎందుకుంటోందీ అంటారా? నేనడిగేదీ అదే కదా! పొడి కాకపోతే రెండో షిఫ్టువాడు. వాడూ కాకపోతే షెడ్డువాళ్ళు, చెప్పాపెట్టకుండా తొట్లు ఖాళీ చేసి వదిలేస్తారు. అందరూ ఒకటేనండీ ఇక్కడ.

ఇవేంటి, ఈ సీసాలు? నా ట్యాంకు నీళ్ళేనా? రెండిట్లో ఏది సున్నానికి సిద్ధమైందో చెప్పాలా? హబ్బో, మామకి పరీక్ష పెట్టేంత వారయ్యారా!

ఇదిగో. ఈ కుడిచేతిది.

ఏం, తల అడ్డంగా ఊపుతారేం?

ఎడమచేతిదా? ఇక్కడ వెలుతురు చాలదండీ, మబ్బు పట్టినట్టుంది... కాదా? ఎండేనా?

ఆ తలుపు కాస్త దగ్గరగా వేయండి.

ఏడాదైంది అల్లుడుగారూ. కళ్ళకేదో పొర కమ్మినట్టుంటోంది. పసుపూ ఆకుపచ్చా రెండూ నాకు మసిగుడ్డ రంగే. గడియారం చూసుకుని, ఇరవై నిమిషాలు కాగానే సున్నం వేసేస్తున్నాను. ఇన్నాళ్ళూ సరిపోయింది. ఈమధ్య షెడ్డులో పని పెరిగి నీళ్ళు చిక్కబడ్డాయి, నా ఇరవై నిమిషాలు చాల్లేదు. డాక్టరుకి చూపిస్తే సంగతి బయటపడుతుంది, బయటపడితే నన్ను ఈ ట్యాంకు గట్టు దింపేస్తారు. భయమేసిందండీ. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను నేను?

ఇంకోటుంది. ఇది మా అమ్మాయికి మాత్రం చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను.

మొన్నామధ్య ఆ స్టోరు కీపరు బస్తా దింపి, ట్యాంకులోకి తొంగిచూసి, మెల్లగా అన్నాడు, "మాస్టారూ, ఇంకా పసుపు పోలేదు కదా, సున్నం వేసేస్తున్నారేంటి?" అని. పక్కన ఎవరూ లేరు. ఇంత ఫ్యాక్టరీలో వాడొక్కడే నా కళ్ళ సంగతి కనిపెట్టాడు. మర్నాడే వాడి మీద మొదటి కాగితం రాశాను.

టైమెంతైంది? మూడున్నరా? పదండి, మేనేజరు దగ్గరికి. నా నోటితో నేనే చెప్తాను, మీరు పక్కనుంటే చాలు.

ఒకటి చూశారా? మూడు కాగితాలు పడినా వాడు నా కళ్ళ సంగతి ఎవరికీ చెప్పలేదు. అదే వాడి చోట నేనుంటేనా... మొదటి రోజే చెప్పేసేవాణ్ణి.