దసరా నాడు విరిచిన తుపాకి

— అవ్వా, నువ్వు క్లబ్బుల తుపాకి కాల్చుడు నేర్చుకున్నవంట గదా! పితృస్వామ్యం మీద తిరుగుబాటు అంటే గదే. మొత్తం చెప్పు, రికార్డు చేస్త.

ఏం సామ్యం? ఆ మాట నాకు నోరు తిరగది బిడ్డా. నువ్వు పెద్ద చదువులు చదివినవ్, నీ దగ్గర ప్రతి దానికి ఒక పేరుంటది. నేనైతే తిరుగుబాటుకు పోలే. కాగితం కోసం పోయిన. గా ఫోను జర దూరం పెట్టు, మొఖంల పెడితే మాట రాదు. ఆఁ, గట్ల.

మీ తాత పోయినంక... ఆగు, తాత ముచ్చట ముందుగాల చెప్పాలె, లేకుంటే నీకు సమజ్ కాదు. మన ఇంట్ల జోడు గొట్టాల తుపాకి ఉంటుండె. మీ తాతకు వాళ్ల నాయన నుంచి వచ్చింది. ఎల్లారెడ్డి చుట్టుముట్టు ఊర్లల్ల గసొంటి తుపాకి ఉన్న ఇండ్లు ఏడనో ఒకటి. అడివి పందులు మక్క మీద పడ్తున్నయని చెప్పి లైసెన్సు తీసుకున్నరు. మరి పందిని కొట్టిండా అంటే, నా లగ్గమైనప్పటి సంది ఒక్క పంది పడ్డది నేను చూడలే. పందులకు కూడ ఎరుకే అనుకుంట, ఆయన తుపాకి తుడుస్తడు గాని కాల్చడని. అప్పుడు తూటాలు ఎంత అగ్గువ అనుకున్నవ్! మీ అమ్మకు పలక కొన్నంత పైసలల్ల డబ్బ వస్తుండె. డబ్బ అట్లనే ఉంటుండె, పలకలే పగులుతుండె.

మరి దాని పనేంది అంటవా? దసరా నాడు ఊరంత జమ్మి కాడికి పోతది గదా, గప్పుడు అందరికంటె ముంగట తుపాకి పట్టుకొని నడుసుడు. తుపాకి ఏ ఇంట్ల ఉంటె అది పెద్దిల్లు. జమ్మి ఆకు మొదలు ఆ ఇంటికే తెస్తరు. కాలువ నీళ్లు ముందు ఎవరికి ఇడవాలె, గట్టు ఎవరు జరిపిండ్రు, గివన్ని ఆ ఇంటి అరుగు మీదనే తేలుతయి. ఏడాదికి ఒక్కనాడు బయటికొస్తది, కడమ దినాలు గోడకు వేలాడుతది. అయినా కొలువు దానిదే పెద్దది.

మీ తాత పోయినంక దాన్ని ఠాణాల అప్పజెప్పినం, రూలు గదా. దినాలు కాంగనే మా మరిది నర్సారెడ్డి వచ్చిండు, మీ చిన్నతాత. మంచిగ తీపిగనే మాట్లాడిండు. "ఒదినె, కొడుకులు లేని ఇంట్ల తుపాకెందుకు? నా పేరు మీద రాపించుకుంట, ఒక్క సంతకం పెట్టు" అన్నడు.

నాకు తుపాకి మీద పానమేం లేదు బిడ్డా. ఇంకా చెప్పాల్నంటే దాన్ని చూస్తెనే చిరాకు. ఉత్తగ అడిగితే ఇచ్చేద్దును. కాని కొడుకులు లేని ఇల్లు అన్నడు చూడు! మీ పెద్దమ్మను, మీ అమ్మను కన్నది ఇల్లు కాదా? ఆ తుపాకి పోతె పెద్దిల్లు పోతది. పెద్దిల్లు పోతె నేను ఎవరో ఒకరి ఒదినెను, గంతే. సంతకం పెట్టలే. చాయ్ పోసి పంపిన.

లైసెన్సు నా పేరు మీద చెయ్యమని కామారెడ్డి ఆఫీసుకు పోయిన. అక్కడ సారు అడిగిండు, "ఈ వయసుల నీకు తుపాకి ఎందుకమ్మా?" అని. "మా మరిది కోసం సార్" అన్న. ఆయన కలం కింద పెట్టిండు! "కాల్చెతందుకు కాదు సార్, ఆయనకు పోకుండ ఉండెతందుకు" అన్న. నవ్విండు. నవ్వి, తుపాకి సక్కగ పట్టుడు వచ్చునని ట్రైనింగు కాగితం తెమ్మన్నడు. మరి మీ తాత ఏ కాగితం తెచ్చిండు? మీసం చూపించిండు కావచ్చు. ఆ కాలం గట్లనే ఉండె.

అట్ల క్లబ్బుకు పోవుడైంది. భిక్నూర్ దాటినంక, హైవే మీద ధాబాలుంటయి చూడు, వాటి ఎనుక నుంచి లోపలికి పోవాలె. అంతా పట్నపోళ్ల కార్లు. పచ్చగడ్డి కత్తిరించి పెట్టిండ్రు, మన బర్రె చూస్తె ఏడుస్తది. గేటు కాడ ఇంత పెద్ద బోర్డు, దాని నిండ రూల్సు. గుడిల కూడ గన్ని ఉండయి. చెప్పులు ఇడువుండ్రి, గంట కొట్టుండ్రి, అయిపాయె. ఇక్కడ చెవులకు డబ్బలు పెట్టుకో, కండ్లకు అద్దాలు పెట్టుకో, నీ వంతు రాంది తూటా ముట్టకు, వేలు మీట మీద పెట్టకు.

నేర్పెటాయన మిలిట్రిల చేసి వచ్చిండు. అందరు ఫౌజీ సాబ్ అంటుండ్రి, నేను గూడ గట్లనే అన్న. మాట తక్కువ మనిషి. మొదటి రోజు ఏమన్నడంటే, "అమ్మా, తుపాకి ఖాళీ ఉన్నా నిండుగ ఉన్నదనే అనుకోవాలె. దాని మూతి మనిషి దిక్కు ఎన్నడు తిరగొద్దు" అన్నడు. నేను లెక్క చేసుకున్న మనసుల. మీ తాత దాన్ని మంచం మీది గోడకు, మూతి దర్వాజ దిక్కు పెట్టి వేలాడేస్తుండె. పెండ్లయినప్పటి సంది నేను ఆ మూతి ముంగట ఊడిసిన, ముగ్గేసిన, బిడ్డలకు జడలేసిన. ఫౌజీ సాబ్ లెక్కన మీ తాత నన్ను రోజు పొద్దుగాల ఒకసారి కాల్చినట్టే.

ఇగ అసలు ముచ్చట విను. రెండో మాట, క్లబ్బు తుపాకి నా చేతుల పెట్టి, "అమ్మా, తుపాకి విరువు" అన్నడు. "వద్దు సాబ్, పిరమైంది, మళ్ల అతుకుతదో లేదో" అన్న. ఆయన నవ్వలే. నవ్వకుండ ఒక మీట జరిపి టక్కున వంచిండు. నడిమిట్ల మడత పడ్డది, మన చెరుకు గడ లెక్క, కాకపోతె తెగలే. రెండు గొట్టాలు నోరు తెరుసుకున్నయి, లోపటికెల్లి అవతలి గడ్డి కనపడుతున్నది. "గిట్ల పట్టుకొని నడువాలె. ఇందుల ఏం లేదని ఎదురొచ్చినోనికి దూరం నుంచే తెలవాలె. గిది మా తమీజ్, మా మర్యాద" అన్నడు. అప్పుడు చుట్టు చూసిన. నిజమే, అందరు తడి తువ్వాల మోచేతి మీద ఏసుకున్నట్టు విరిచిన తుపాకులు ఏసుకొని తిరుగుతున్నరు. మనం రెండు చేతులు జోడిస్తం చూడు, వాళ్లు తుపాకి విరుస్తరు. గమ్మత్తనిపించింది.

ఆట ఏందంటే, అటొక గూడు, ఇటొక గూడు. ఒకటి ఎత్తుగ, ఒకటి కురచగ. అందులకెల్లి మట్టి పిట్టలు ఎగురుతయి. పిట్టలంటె పిట్టలు కాదు, చాయ్ సాసర్ లెక్క ఉంటయి, నారింజ రంగు. చందమామ సగం గీసినట్టు జాగలు పెట్టిండ్రు. ఒక్కొక్క జాగల నిలబడి పుల్ అనాలె, అంటె పిట్ట ఎగురుతది. నాకు పుల్ రాలే, పుల్ల అనే వచ్చింది. అయినా ఎగిరింది. మట్టి పిట్టకు భాష పట్టింపు లేదు.

ఒకరు కాలుస్తుంటె కడమోళ్లు మాట్లాడొద్దు. గిది చూడు, నాకు శిక్ష! ఒక పిలగాడు, పెద్ద కొలువు చేసెటోడే, తుపాకి ఎత్తి పుల్ అన్నడు. నేను మంచి మాటకే "ఏ ఊరు బిడ్డా మీది?" అని అడిగిన. పిట్ట ఒక దిక్కు పోయింది, గుండు ఒక దిక్కు పోయింది. మన ఊర్ల అయితే తిట్టుదురు. అక్కడ ఎవ్వరు ఏమనలే. అందరు ఆకాశం చూసిండ్రు. ఫౌజీ సాబ్ మెల్లగ వచ్చి, "అమ్మా, ఆయన ఊరు తర్వాత అడుగుండ్రి" అన్నడు. తప్పిపోతె నవ్వొద్దు. అడగకుండ సలహా చెప్పొద్దు. ఇంకొకని తుపాకి వాని మాట లేకుండ ముట్టొద్దు. ఎంత మర్యాద! తాగినోడు తుపాకి ముట్టొద్దు, కాల్చుడైనంక తాగొచ్చు. అయినంక తాగుడు మాత్రం మస్తు మర్యాదగ తాగుతుండ్రి.

ఒక సేటు ఉంటుండె, ప్లాట్ల యాపారం. ఆయన కారు గేటుకు పట్టది. ఒకనాడు నిండు తుపాకి చేతుల పెట్టుకొని ఉండంగ ఫోను మోగింది. హలో అనుకుంట గిర్రున మా దిక్కు తిరిగిండు! ఆ పెద్ద పెద్ద మనుషులంత గడ్డి మీద బోర్ల పడ్డరు. నేను మోకాళ్ల నొప్పులతోని వంగలేక నిలబడ్డ, మస్తు ధైర్యమని అందరు మెచ్చుకున్నరు తర్వాత. ఫౌజీ సాబ్ మూతిని ఆకాశం దిక్కు లేపి, తూటాలు తీసి, "బాహర్" అన్నడు. ఒక్కటే మాట. సేటు పోయిండు. నాకు సంబురమైంది, న్యాయం అంటె గిట్లుండాలె అనుకున్న. మళ్ల వారం పోతె ఏముంది? బోర్డు మీద ఫోన్లు బంద్ అని కొత్త రూలు రాసిండ్రు. సేటును సేఫ్టీ కమిటీకి ప్రెసిడెంటును చేసిండ్రు. ఎందుకట అంటె, ఆయనకు అనుభవమున్నదట!

నవ్వకు. ఇంకోటి విను, దీనికి నీకు కోపమొస్తది. పగిలిన పిట్టల పెంకులు ఏరెతందుకు ఆ పక్క ఊరి ఆడోళ్లు వస్తుండ్రి. నా ఈడుదే ఒకామె. సేటు నన్ను మాతాజీ అంటడు, ఆమెను "ఓ ముసల్దానా, జరుగు" అంటడు. ఇద్దరికి తల తెల్లగనే ఉన్నది. నేను జీపుల దిగిన, ఆమె నడిచి వచ్చింది, గంతే ఫరక్. తుపాకి మూతి వంచుడు నేర్చుకున్నరు గాని తమ మూతి వంచుడు బోర్డు మీద లేదు. ఆమెకు నేను "ఏం పేరమ్మా" అన్న. ఆమె అటిటు చూసి, "మాట్లాడొద్దంట గదా ఇక్కడ" అన్నది.

పిట్టను కొట్టినవా అంటవా? కొట్టిన, ఒక్కటి. కండ్లు మూసుకొని కొట్టిన, అది ఎవ్వరికి చెప్పలే. అందరు గుడ్ షాట్ అన్నరు. కాగితం వచ్చింది, లైసెన్సు నా పేరు మీదికొచ్చింది, తుపాకి ఇంటికొచ్చింది. గోడకు వేలాడెయ్యలే, పెట్టెల పెట్టి తాళమేసిన.

ఇగ దసరా వచ్చింది. ముందే ఠాణాకు పోయి అడిగిన. తూటా లేకుండ పట్టుకుంటెనే, మా మనిషి వెంబడి ఉంటడు అన్నరు. సరే అన్న. పొద్దు వంగినంక డప్పులు షురూ అయినయి. నేను కొత్త చీర కట్టుకొని తుపాకి విరిచి మోచేతి మీద ఏసుకొని బయటికొచ్చిన. ఫౌజీ సాబ్ చూస్తె సెల్యూట్ కొడుతుండె. మన ఊరోళ్లు చూసి డప్పులు ఆపిండ్రు.

మరిది ముంగటికొచ్చిండు. పొద్దటి సంది తాగుతనే ఉన్నడు, పండుగ గదా. "ఒదినె, ఇటియ్యి, నేను పట్టుకుంట. నువ్వు ముంగట నడుసుడు మంచిగుండదు, అన్న లేడు గదా" అన్నడు. ముండమోసినదానివి అని నోటితోని అనలే, మర్యాదస్తుడు. "లైసెన్సు నాది మరిది, నీకిస్తె ఇద్దరం రాత్రికి ఠాణాల బువ్వ తినాలె" అన్న. పక్కనున్న పోలీసాయన అవునన్నట్టు తలకాయ ఊపిండు.

గప్పుడు మరిది తుపాకి దిక్కు చూసిండు. చూసి గట్టిగ ఒర్లిండు, "గిదేంది? విరగ్గొట్టి తెచ్చిందిరా! ఆయుధాల పండుగ నాడు విరిగిన తుపాకా? ఊరికి అరిష్టం!" అని. ఇగ చూడు, మంది గుసగుస. అవు గదా, విరిగినట్టే ఉన్నది గదా అని ఒకరు. మూసి పట్టుకో ఒదినె అని ఒకరు. ముసలామెకు బరువైనట్టుంది, నర్సారెడ్డికి ఇస్తె పాయె గదా అని ఇంకొకరు. టక్కున మూస్తె అయిపోతది. లోపల ఏం లేదు, నాకెరుకే. మూసి నడిస్తె మీ తాత లెక్కనే నడుస్తుంటి, ఎవ్వడు నోరెత్తకపోయెటోడు. చెయ్యి పోయింది కూడ, మూసెతందుకు.

కాని అప్పుడే ఒకటి కండ్లవడ్డది. మంది నా ముంగటనే ఉన్నరు. మీ తాత తుపాకి పట్టుకొని వస్తుంటె ఎవ్వరు ఎదురు నిలబడకపోయెటోళ్లు, ఇటు సగం అటు సగం జరుగుతుండ్రి. మేమేమో ఇజ్జత్ అనుకున్నం. ఇయ్యాల నా మొఖం మీద మొఖం పెట్టి కొట్లాడుతున్నరు. ఎందుకు? అందులకెల్లి అవతల కనపడుతున్నది, అందుకు.

గదే మాట అన్న. "విరిగిందో లేదో మీరే చెప్పుండ్రి. మూసినన్ని ఏండ్లు మీరెవ్వరన్న మీ అన్నకు ఎదురు మాట్లాడిండ్రా? ఇయ్యాల అందరికి నోరొచ్చింది. దాని నోరు తెరిస్తె మీ నోరు తెరుసుకున్నది. మూయమంటె మూస్త, మళ్ల అందరు పక్కకు జరగాలె మరి" అన్న.

డప్పు కొట్టే ఎల్లయ్య నవ్విండు ముందుగాల. నవ్వి, "ఉండనియ్యి దొరసానీ, గిట్లనే మంచిగున్నది" అని డప్పు మీద దెబ్బేసిండు. మరిది తువ్వాల దులుపుకొని ఇంటికి పోయిండు.

నేను ముంగట నడిచిన. ముంగట అంటున్న గాని... ఏం ముంగట? పోరగాండ్లు నన్ను దాటి ఉరికిండ్రు. ఆడోళ్లు పక్కకొచ్చి చీర ఏడ కొన్నవ్, ఎంత పడ్డది అని అడుగుతున్నరు. ఎల్లయ్య డప్పు కొట్టుకుంట నాకంటె పది అడుగులు ముంగటనే ఉన్నడు. ఎవ్వరు జరగలే, ఎవ్వరు ఎనుక నిలబడలే. ముంగట నడువాల్నని గంత కొట్లాడితిని, ఆఖరికి ఊరే నా ముంగట నడిచింది. జమ్మి కాడికి అందరికంటె ఎనుక చేరింది నేనే. మోకాళ్లు గదా.

ఇంటికొచ్చి అరుగు మీద కూసున్న. జమ్మి ఆకు మొదలు ఎవరింటికి పోతదో చూద్దామని ఉన్నది మనసుల, ఎందుకు అబద్ధమాడాలె. ఒక్కరు రాలే. ఇగ పోయిందిలే పెద్దిల్లు అనుకున్న. దీపం ముట్టియ్యంగ మరిది వచ్చిండు, ఒక్కడే. ఆకు నా చేతుల పెట్టి కాళ్లు మొక్కిండు. "తుపాకి ఇజ్జత్ తీసినవ్ ఒదినె" అన్నడు.

"తీసిన" అన్న.

అరుగు మీద కూసున్నడు. చాయ్ ఆయనే అడిగి తాగిండు. ఆయన ఎనుక ఇగ ఒక్కొక్కరు వచ్చుడు షురూ అయింది. ఎల్లయ్య కూడ వచ్చిండు. ఎన్నడు అరుగు కిందనే నిలబడెటోడు, ఆనాడు కూసో అంటె కూసున్నడు. మరిది జర జరిగిండు కూడ, జాగ ఇచ్చెతందుకు.

ఆఁ... గంతే బిడ్డా. పెద్దిల్లు ఉన్నదా పోయిందా అంటె నాకే తెల్వది. అరుగు మాత్రం సరిపోతలేదు. నీకు మంచిగ కావాలె తల్లీ, నువ్వు ఏ తొవ్వ పట్టినా నీ ఎనుక మంది వద్దు, పక్కన ఉండాలె... ఇగ ఆ ఫోను బంద్ చేసి నా చెయ్యి పట్టుకొని లేపు జర, కాళ్లు తిమ్మిరెక్కినయి.