‘లేకుంటే’ అనే గడి

ఉత్తర ఇంగ్లండ్‌లో థార్న్‌బెక్ అనే ఊరి క్రికెట్ క్లబ్బు. పక్కూరు హాబ్‌స్టన్‌తో ఏటా జరిగే మ్యాచ్ గెలిచిన మర్నాటి పొద్దున్న. గోడకు ఫలితాల బోర్డు, నిచ్చెన మీద పెయింటర్ లెన్. కింద క్లబ్బు ఛైర్మన్ ఆర్మిటేజ్, క్లబ్బుకు టీ ఏర్పాట్లు చూసే డోరీన్.

“రోలరుకు నూనె పెట్టించాలి. గ్రౌండు చివర్ల ఉండే తెల్ల తెరలు షెడ్డులోకి తోయించాలి. గాయపడ్డ మన బ్యాట్స్‌మన్ క్లైవ్‌కి ద్రాక్షపళ్లు పంపాలి. హాబ్‌స్టన్ వాళ్ల ఉత్తరానికి జవాబివ్వాలి. మధ్యాహ్నంలోగా బోర్డు రాయించాలి. వచ్చే శనివారం టీకి రొట్టె చెప్పాలి. ఇంకేమన్నా మర్చిపోయానా డోరీన్?”

“నా పేరు.”

“నీ పేరెందుకు మర్చిపోతాను తల్లీ? డోరీన్.”

“బోర్డు మీద రాయించడం, ఛైర్మన్ గారూ. నిన్న ఆఖరి క్యాచ్ పట్టింది నేను. ఇంకో మూడు పరుగులు కొడితే వాళ్లు గెలిచేవాళ్లు. ఆ బంతి బౌండరీ దాటేదే.”

“కాదన్నానా? చక్కగా పట్టావు. ఏప్రన్ కట్టుకుని మరీ పట్టావు.”

“విప్పే టైమిచ్చారా? శాండ్‌విచ్‌లు కోస్తున్నదాన్ని లాక్కెళ్లి నిలబెట్టారు, క్లైవ్‌కి తొడ పట్టేసిందని.”

“పట్టేయడం కాదు, కండరం చిరిగింది. అతని బదులు నిలబడ్డావు కాబట్టి నువ్వు సబ్‌స్టిట్యూట్‌వి. స్కోరు పుస్తకంలో సబ్‌స్టిట్యూట్‌కి పేరుండదు. క్యాచ్ ఎవరిది? ‘సబ్’. అంతే. తాతల నాటి పద్ధతి.”

“ఆ ‘సబ్’ నేనేనని ఎవరికి తెలుస్తుంది?”

“మనకి తెలుసుగా.”

“మనం పోయాక?”

“పోయినవాళ్లకి క్రికెట్‌తో పనేముందిలే.”

“మా అమ్మ కూడా బతికినన్నాళ్లూ ఇక్కడ టీ కాచింది. ఆమె పేరు ఈ గోడల మీద ఎక్కడుందో చూపించండి. బాయిలరు మీద కూడా దాన్ని తయారుచేసినవాడి పేరే ఉంది. నాకు ఒక్క వరస చాలు. అదీ ఊరికే అడగడం లేదు, క్యాచ్ పట్టి అడుగుతున్నా.”

“చూద్దాం, చూద్దాం. లెన్, ఎంతవరకొచ్చింది?”

“గెలుపు అని రాశానయ్యా. రెండు పరుగుల తేడా అని కూడా రాశా. ఇక ‘లేకుంటే’ గడి మిగిలింది.”

“అదీ అసలు గడి. తొందరపడకు. ఆలోచించి చెప్తా.”

“ఏటా ఏముంటుంది ఆలోచించడానికి? పై వరస నుంచి చదువుతా వినండయ్యా. ఓటమి. క్లైవ్ మోకాలి నొప్పి లేకుంటే గెలుపే. ఓటమి. క్లైవ్ భుజం నొప్పి లేకుంటే గెలుపే. ఓటమి. క్లైవ్‌కి కందిరీగ కాటు లేకుంటే...”

“కందిరీగంటే సామాన్యమా? కుట్టింది కనురెప్ప మీద.”

“పోనీ నిన్న ఏ నొప్పీ లేకుండా బ్యాటింగుకి దిగాడు కదా. సున్నాకి అవుటయ్యాడు.”

“అది ఆడినప్పుడు తల్లీ. క్లైవ్‌ని ఆడనప్పుడు చూడాలి. ఆడని మ్యాచుల్లో అతను కొట్టి ఉండే పరుగులు లెక్కేస్తే ఈ లోయలోనే అతన్ని మించినవాడు లేడు.”

“మరి నిన్న ఆయన బయటికి పోయాకే గెలిచాం. ఇప్పుడేం రాయిస్తారు?”

“‘క్లైవ్ గాయపడినా గెలుపు.’ ఎలా ఉంది?”

“ఓడితే క్లైవ్ లేక. గెలిస్తే క్లైవ్ లేకపోయినా. ఎటొచ్చినా ఆయన పేరేనా?”

“కీలక ఆటగాడంటే అదే మరి.”

“మరి నేను?”

“నువ్వు... టీ.”

“బాగుంది.”

“అలగకు. నా తలనొప్పి అసలు ఇది కాదు. హాబ్‌స్టన్ వాళ్లు పొద్దున్నే తలుపు కింద తోసిపోయిన ఉత్తరం విను. ‘మా ఫాస్ట్ బౌలర్ కాలి బొటనవేలు విరిగి రాలేదు. అతనుంటే మీరు వంద దాటేవాళ్లు కాదు. మీ బోర్డు పద్ధతి ప్రకారమే ఈ గెలుపు మాది.’ చూశావా? మన పద్ధతి తెచ్చి మన నెత్తినే కొట్టారు!”

“ఏం జవాబిస్తారు?”

“అదే తూచి చూస్తున్నా. వాళ్లకి బొటనవేలు పోయింది, మనకి తొడ పోయింది. తొడ పెద్దదా, బొటనవేలు పెద్దదా?”

“ఆ అబ్బాయి వేలు ఎలా విరిగిందట?”

“ఆవు తొక్కింది.”

“క్లైవ్ తొడ?”

“బూటు లేసు కట్టుకోబోయి.”

“అయితే న్యాయం ఆవు వైపే ఉంది.”

“నవ్వకు లెన్, నిచ్చెన ఊగుతోంది. డోరీన్, కాస్త పట్టుకో దాన్ని.”

“పట్టుకోలేను.”

“పేరు రాయించలేదని నిచ్చెన మీద కోపమా?”

“కోపం కాదు. చెయ్యి చూడండి.”

“అరె, ఈ కట్టేంటి? ఎప్పుడు కట్టించుకున్నావు?”

“రాత్రి. పొద్దుట్నుంచీ మీ కళ్ల ముందే ఉంది. బంతి వచ్చి రెండు వేళ్ల మీద పడింది. వదల్లేదు.”

“నిన్ననే చెప్పొచ్చుగా!”

“ఎవరికి చెప్పను? మీరంతా క్లైవ్‌ని స్ట్రెచర్‌తో సహా ఎత్తుకుని గ్రౌండంతా ఊరేగిస్తున్నారు. ఆయన పైనుంచి నా కేకు తింటూ చెయ్యూపుతున్నాడు.”

“డాక్టరేమన్నాడు?”

“ఎముకలు చిట్లాయన్నాడు. ఈ సీజనంతా కత్తి పట్టొద్దన్నాడు.”

“మరి... వచ్చే శనివారం శాండ్‌విచ్‌లు?”

“ఉండవు.”

“స్కోన్ బన్నులు?”

“ఉండవు.”

“నిమ్మకాయ కేకు కూడానా?”

“అది నిన్న క్లైవ్ తిన్నదే ఆఖరు.”

“కొంప మునిగింది! మనవాళ్లలో సగం మంది వచ్చేదే టీకి. అంపైర్లయితే ఇద్దరూ ఆ కేకు కోసమే వస్తారు. వాళ్లు రాకపోతే ఆటేది? ఆట లేకపోతే క్లబ్బేది? దేవుడా, డోరీన్ సగ్‌డెన్ లేకుంటే ఈ క్లబ్బు గెలవడం అటుంచి గ్రౌండులోకి కూడా దిగదు!”

“కొంచెం మెల్లగా అయ్యా. ‘గెలవడం అటుంచి’ తర్వాత ఏమన్నారు?”

“గ్రౌండులోకి కూడా దిగదన్నాను. నీకెందుకు లెన్?”

“రాయొద్దూ?”

“ఏం రాస్తున్నావు?”

“మీరు ‘లేకుంటే’ అన్నారు కదా. ఇన్నేళ్లుగా మీ నోట ఆ మాట రావడం, నేను బ్రష్ ఎత్తడం. ఇవాళా ఎత్తాను.”

“తుడిచెయ్! ముందు తుడిచెయ్!”

“ఈ రంగు తుడిస్తే పోదయ్యా. ఈ గడి ఎప్పటికీ వెలిసిపోకూడదని మీరే దీన్ని ఏరికోరి తెప్పించారు.”

“డోరీన్, నువ్వైనా చెప్పు వీడికి!”

“ఇంటిపేరు సరిగ్గా రాశావా లెన్?”

“అక్షరం పొల్లుపోలేదమ్మా. కింద జానెడు చోటు మిగిలితే ఒక్క ముక్క నా సొంతంగా కలిపాను. ‘ఇది చదివినవారు ఆమె పేరు గుర్తుంచుకోగలరు.’”