ఠంగుమన్న పాకం

హలో… ఆ ఆ, నేనే అత్తయ్యా, మీ అల్లుణ్ణి… పెట్టెయ్యకండి, పెట్టెయ్యకండి! స్టౌ మీద బెల్లం ఉడుకుతోంది.

…లేదు, అమ్మాయి బాగానే ఉంది. హాస్పిటల్లో డ్యూటీ. నర్సులకి సెలవెక్కడిది? నాలుగింటికి వస్తుంది.

…నేనే చేస్తున్నా. నువ్వుల ఉండలు… నవ్వండి, నవ్వండి. ఏడాదయింది మీ నవ్వు విని.

…ఎందుకంటే రేపు పండగ కదా. నిన్న మీ అమ్మాయి బజార్లో మిఠాయి డబ్బా కొనుక్కొచ్చి దేవుడి అరలో పెట్టింది. "ఈసారికి ఇంతే" అని అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేను చూడలేదనుకుంది… గోడలకి రంగులేసేవాణ్ణి అత్తయ్యా. వెంట్రుకంత పగులుంటే పట్టేస్తా. పెళ్ళాం కళ్ళు తడిస్తే పట్టలేనా?

…సరే, ముందు పాకం. ఎంతవరకు రావాలి? ఇప్పుడు వార్నిష్‌లా ఉంది… అంటే, తేనె కంటే కాస్త పలచన. … నీళ్ళ గిన్నెలో చుక్క వెయ్యాలా? ఉండండి… వేశా. … కరిగిపోయింది. … ఇంకా ఉడకాలా? కలుపుతూనే ఉన్నా. ఆ, మంట తగ్గించా.

…నువ్వులా? దోరగానే వేయించా. … నిజం చెప్పమంటారా? మొదటివి మాడి మసయ్యాయి. చెత్తబుట్టలో, పేపరు కింద దాచా. ఇవి రెండోసారివి.

…మళ్ళీ వేశా. ఉండ కట్టింది! … పళ్ళెంలోకి విసరాలా? చప్పుడు మీరే వింటారా? … ఫోన్ దగ్గర పెట్టా. వినండి—

…"థప్" అందా. అనకూడదా. … ఇంకో రెండు నిమిషాలు. సరే.

అత్తయ్యా, ఈ రెండు నిమిషాల్లో ఒక మాట. … కాదు, చెప్పనివ్వండి. పోయిన పండక్కి అందరి ముందూ, "మా అత్తయ్య ఉండలు తినాలంటే పక్కన పళ్ళ డాక్టరుండాలి" అన్నాను. నలుగుర్నీ నవ్వించాలన్న నోటి దురద. మీరూ నవ్వారు. నవ్వుతూనే చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

…రాళ్ళలా ఉన్న మాట నిజమే అంటారా? … ఏమిటీ? … కళ్ళా? … తర్వాత ఆపరేషన్ అయిందని తెలుసు గానీ… అప్పటికే అంత మసకా? … అంటే ఆ రోజు పాకం మీకు కనబడనే లేదా!

…

చెప్పొచ్చు కదా అత్తయ్యా. … పండగ పూట పిల్ల బెంగపడుతుందని. … అందుకని చప్పుడుని బట్టి చేశారు. మా టీవీ మోతలో, చుట్టాల గోలలో, ఆ చప్పుడూ సరిగా వినబడలేదు. … ఆ ఉండల మీద నేను పరాచికాలాడాను.

…లేదు, నన్ను వెనకేసుకు రాకండి. "మగాడివి, నీకేం తెలుసు" అని వదిలెయ్యకండి. తప్పు నాదే. ఏడాదంతా మీకు ఫోన్ చెయ్యకపోవడం అంతకంటే పెద్ద తప్పు. రోజూ పొద్దున అనుకునేవాణ్ణి, సాయంత్రానికి సిగ్గేసేది. … అవునండీ, నాకూ ఉంటుంది సిగ్గు.

…ఆ? పాకమా? అయ్యో పాకం! ఉండండి, ఉండండి… వేశా. వినండి— ఠంగ్! … విన్నారా? విన్నారా అత్తయ్యా! దించేశా. నువ్వులు పోసేశా. ఏలకుల పొడి… ఆ, నెయ్యి కూడా.

…వేడి మీదే చుట్టాలా? చేతులు కాలవూ! … తడి చేసుకోవాలా. స్పీకర్లో పెడుతున్నా… అబ్బ! … అబ్బబ్బ! … ఒకటయింది. … గుండ్రంగానే ఉందిలెండి, ఒక వైపు నుంచి చూస్తే. … మీరు ఈ వేడిలో ఇన్నేళ్ళూ ఇన్నేసి ఎలా చుట్టారు? మేం ఏనాడూ ఆ చేతులకేసి చూడలేదు.

…పదకొండు… పన్నెండు… అత్తయ్యా, గట్టిపడిపోయింది! గరిటె రావట్లేదు! … మళ్ళీ సన్నమంట మీద పెట్టాలా? బతికించారు. … ఆ, కరుగుతోంది.

…రుచా? కొరుకుతున్నా. … బాగుంది. ఒట్టు, బాగుంది. … కాదు, మీవాటిలా లేవు. ఇవి తింటే మీ అమ్మాయి "మా అమ్మ చేసిందా" అనదు. "ఎవరు చేశారు" అంటుంది.

…బెల్లమా? ఇంకా కిలో ఉంది. నువ్వులూ ఉన్నాయి. … అదే చెప్పబోతున్నా. రేపు పొద్దున్నే స్కూటరేసుకుని వస్తా, మీరు… ఏమిటీ? ఇప్పుడా! … రెండో వాయి మీరొచ్చేదాకా ముట్టుకోకూడదా? … ముట్టుకోను. బెల్లం వైపు చూడను కూడా చూడను.

…నాలుగింటికి మీ అమ్మాయి వచ్చేసరికి వంటింట్లో మీరుంటారా? … చెప్పను. ఫోన్ చేసినా చెప్పను. … స్టౌ కట్టేశా. గ్యాసు కూడా. … ఇరవై నిమిషాల్లో మీ వీధిలో ఉంటా. కంగారేం లేదు, నెమ్మదిగా చీర మార్చుకుని…

ఆ చప్పుడేంటి? … తాళం వేసేశారా అప్పుడే! … ఎండలో నిలబడకండి అత్తయ్యా, వస్తున్నా… ఇదుగో, వస్తున్నా—