సెనైదా చీలమండ, ఎర్మిలో తాత పట్టీ

అమ్మలారా, అయ్యలారా, బ్యాండు మిత్రులారా, అవతలి కొండ నుంచి నడిచొచ్చిన పెద్దలారా!

ఈ బాస్కెట్‌బాల్ కోర్టులో మనం ఇంత మెల్లగా మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి. తొమ్మిది రోజుల ప్రార్థనలు ఇవాళ్టితో ముగిశాయి. మన ఎర్మిలో తాత ఇక లేడు. రేపు ఊరి పండగ ఆట. మన సెనైదా ఆడనంటోంది. "తాత చెయ్యి పడని కాలితో నేను దిగను" అని పొద్దున వాళ్ళమ్మతో తెగేసి చెప్పింది. అందుకని నా మాటలు అందరికీ అయినా, ఎక్కువ భాగం ఆ పిల్లకే.

తాతకి ఈ పట్టీలు వేసే పని ఎలా వచ్చింది? సేవ చెయ్యాలన్న తపనతోనా? కాదు. గ్రామసభకి రాలేదు, అంతే! మన ఊళ్ళో సభకి రానివాడి నెత్తినే కదా పదవి పడేది. అదీ జీతం లేని పదవి. "ఈ ఏడాది ఆటగాళ్ళ కాళ్ళు నువ్వే చూడాలి" అన్నారు. అప్పటిదాకా బ్యాండులో పెద్ద బాకా ఊదుకునే మనిషి. తిట్టుకుంటూ వాహాకా పట్నం వెళ్ళాడు. బెణికిన కాళ్ళకి సాగే రంగురంగుల అంటు పట్టీ వెయ్యడం నేర్చుకొచ్చాడు. ఏడాది గడిచింది. ఇంకొకరిని వెయ్యడం సభ మరిచిపోయింది. గుర్తు చెయ్యడం ఆయనా మరిచిపోయాడు. పోయేదాకా మరిచిపోయాడు.

ఆ కొత్తలో మనకి ఆ రంగు పట్టీలో ఏదో మహత్తు కనిపించింది. మా బావ ప్రోకోరో తన కంచరగాడిదని కూడా తోలుకొచ్చాడు, కాలికి వెయ్యమని. తాత ఏమన్నాడు? "అది చూసి అడుగేస్తుందిరా, దానికక్కర్లేదు. చూడకుండా గెంతేది నువ్వు. రా, నీకు వేస్తా. కానీ పట్టీ కాలిని మొయ్యదు, జాగ్రత్త అని చెబుతుంది. మొయ్యాల్సింది కాలే."

సెనైదా చీలమండ ఒకసారి బెణికాక ఇక నిలవలేదు. కోర్టులో మడత పడేది, దారిలో మడత పడేది, ఊరికే నిలబడ్డా మడత పడేది. తాత పట్టీ వేసేవాడు. ఊరికే వేసేవాడా? "ముందు పిండిమర దగ్గర వరసలో ఒంటికాలి మీద నిలబడి రా, తర్వాత చూద్దాం" అనేవాడు. ఆడవాళ్ళు "కొంగొచ్చిందే!" అని ఏడిపించారు. కొన్నాళ్ళకి వాళ్ళూ నిలబడ్డారు. ఇప్పుడు కొత్తవాళ్ళెవరైనా మన పిండిమరని చూస్తే ఈ ఊరికేమైందనుకుంటారు.

నిరుడు తాత చేతులు వణకడం మొదలైంది. పట్టీ వంకరపోయేది, ముడతలు పడేది. సెనైదా ఏమన్నా అందా? "బాగుంది తాతా" అని లేచేది. చర్చి వెనక్కి వెళ్ళి, అది ఊడదీసి, తన చేత్తో తనే వేసుకుని ఆటకి దిగేది. ఎవరూ చూడలేదనుకుంది. అమ్మా, మా ఆవిడ చూడనిది ఈ ఊళ్ళో ఏముంది?

తాతకి నేను చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. మంచాన పడ్డాక ఆయనే నన్ను దగ్గరికి పిలిచాడు. "ఒరే ఫౌస్తీనో, ఆ పిల్ల నాకంటే శుభ్రంగా వేస్తోందిరా. నాకు తెలుసని చెప్పకు, మొహమాటపడుతుంది. తనకి తేలిగ్గా ఊడిరావాలనే నేను అంచులు రుద్దడం మానేశాను" అన్నాడు. చేత్తో రుద్ది వేడి పుట్టించకపోతే ఆ పట్టీ సరిగ్గా అంటుకోదు మరి.

చెప్పొద్దన్నాడు, చెప్పేశాను. పైన కలిసినప్పుడు తిట్లు తింటాను. సెనైదా, ఏడాదిగా నీ కాలి మీద ఉన్నది నీ చెయ్యే. తాతకి అది తెలుసు, సంతోషంగానే తెలుసు. రేపు దిగుతావో లేదో నీ ఇష్టం.

అందరూ లేవండి. టోపీలు తియ్యండి. బ్యాండువాళ్ళు వాయిద్యాలు కింద పెట్టండి. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడొద్దు. ప్రోకోరో బావా, నువ్వు కూడా.

సెనైదా, నువ్వూ లేమ్మా. నువ్వు ఆనుకున్న ఆ బాస్కెట్ స్తంభం వదిలేసి నిలబడు.