నెలవంక వార్త ఎందులో పెట్టాలి

రంజాన్ మొదలవడానికి ఇంకో వారం ఉంది. కైరోలోని ఒక పత్రిక ఆఫీసులో సంపాదకుడూ, వెబ్‌సైట్ చూసే అమ్మాయీ టీ తాగుతున్నారు.

"సైటు నడపడానికి ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్‌కి ఇంత పత్రికను అప్పగిస్తావా? పాడైతే ఎవర్ని తిట్టను?" అన్నాడు సంపాదకుడు.

"పోయినేడు నెలవంక ప్రకటన వేళ సైటు పడిపోతే పాత సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లని గంటసేపు తిట్టారు కదా ఉస్తాద్! లేచిందా?"

"లేవలేదు. ఉపవాసం రేపా ఎల్లుండా అని జనం పక్క పత్రికలో చూసుకున్నారు. ఈసారి పడితే నా ఉద్యోగం పోతుంది తల్లీ."

"దీని కోడ్ మన చేతిలోనే ఉంటుంది, మనమే బాగుచేసుకోవచ్చు. పది లక్షలమంది ఒకేసారి వచ్చినట్టు పరీక్షించాను, కదల్లేదు."

"నా ముసలి వేళ్లకి కొత్తది అలవాటవద్దూ?"

"నిన్న పప్పు ధరల వార్త ఎవరు పెట్టారు?"

"నేనే. రెండు నిమిషాల్లో అయింది. అయితే?"

"అది కొత్తదాంట్లోనే పెట్టారు. రాసే పేజీని అచ్చం పాతదానిలా కట్టాను."

"గడుసుదానివే! ముందే చెబితే ముట్టుకునేవాణ్ణా? సరే, నెలవంక వార్త నేనే పెడతాను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకు."