ఏడు కోట్ల నుంచి ఏడు దాకా: శ్రీ గుర్వయ్య గారికి అభినందన

2014 జులై 7వ తేదీన మక్తల్ కళాశాలలో ఒప్పంద గణితాధ్యాపకులుగా చేరిన శ్రీ గుర్వయ్య గారు ఈ నెలాఖరున దేవరకొండలో పదవీ విరమణ చేస్తున్నారు. తెలుగు, ఉర్దూ, కన్నడం కలిసి వినిపించే ఆ తరగతుల్లో గణితాన్ని ఇంటి భాషంత చేరువ చేసిన వారి ఓర్పును, సుద్దముక్క గోటికి తగిలేదాకా పారవేయని పొదుపును ఆనాటి విద్యార్థులు నేటికీ ముచ్చటగా తలచుకుంటారు.

అచ్చంపేటకు మారిన మరుసటి వానాకాలంలో వారి సతీమణి కోమల గారికి విషజ్వరం సోకింది. మహబూబ్‌నగర్‌లోని ఒక దవాఖానలో స్పృహ లేక పడి ఉన్న ఆమె, ఒక ఉదయం కళ్ళు తెరవకుండానే “ఏడు” అన్నారు. కాసేపటికి “డెబ్బై మూడు” అన్నారు. పిదప “ఏడు వందల ముప్పై తొమ్మిది”.

“జ్వరంల గట్లనే కలవరిస్తరు సార్, ఫికర్ చెయ్యకుండ్రి” అన్నది నర్సు కౌసల్య.

గుర్వయ్య గారు మాత్రం ఆ సంఖ్యలను ఒక కాగితంపై రాసుకున్నారు. లెక్కల జోలికే పోని ఆమె నోట వస్తున్నవన్నీ ప్రధాన సంఖ్యలు. ఒకటితోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనివి. ప్రతిసారీ పాత సంఖ్యకు కుడివైపున ఒక్కో అంకె చేరుతున్నది. ఆ వరుస ఎక్కడికి పోతున్నదో వారికి తెలుసు: ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు. దానికి కుడివైపున ఏ అంకె చేర్చినా ఆ గుణం నశిస్తుంది. ఆపైన దారి లేదు.

మధ్యాహ్నానికి ఆమె ఆ సంఖ్యను పలికారు. పెదవులు ఇంకా కదులుతున్నాయి గాని మాట లేదు, ఊపిరి సన్నగిల్లుతున్నది. కౌసల్య వైద్యుని కోసం పరుగెత్తింది. గుర్వయ్య గారు భార్య చేయి పట్టుకుని చెవి దగ్గరికి వంగారు.

“కోమలా, ఇంక ముందట ఏం లేదు. నాతోని వాపస్ రా.”

చివరి మూడును తీసివేసి “డెబ్బై మూడు లక్షల తొంభై మూడు వేల తొమ్మిది వందల పదమూడు” అన్నారు. ఆమె పెదవులు అనుసరించాయి. కుడివైపు నుంచి ఒక్కో అంకె రాలుస్తూ, మెట్టుమెట్టునా ప్రధాన సంఖ్య మీదనే అడుగు మోపుతూ, ఇద్దరూ ఏడు దాకా దిగివచ్చారు. వైద్యుడు వచ్చేసరికి ఆమె కళ్ళు తెరిచి ఉన్నారు.

“పక్క మంచం అవ్వ ముందట పోతుంటె ఎనుక పోయిన. మీరు పిలిస్తె తిరిగి సూసిన” అన్నారామె. “అవ్వ ఆగలె. ఇంకా ముందటికే పోయింది.”

పక్కన ఉన్నది పరుపు లేని ఇనుప మంచం. వారు వచ్చిన నాటి నుంచీ దాని మీద ఎవరూ పడుకోలేదని కౌసల్య చెప్పింది.

సహోద్యోగులకు ఈ సంగతిని వారు ఒక్కసారే చెప్పారు. 2023లో ఉద్యోగం క్రమబద్ధమై దేవరకొండకు వచ్చాక కూడా, ఏటా ఆ సంఖ్యను నల్లబల్లపై రాసి, కుడి నుంచి చెరుపుతూ బోధించేవారు. “ఇంకో అంకె రాస్తె ఏమైతది సార్?” అని ఒక విద్యార్థిని అడిగిన నాడు మాత్రం, సుద్దముక్క బల్లపై పెట్టి, వరండాలోకి వెళ్ళి కోమల గారికి ఫోన్ చేశారు.

ఆ దంపతులు ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలనీ, ఎవరు ముందు నడిచినా రెండవవారి పిలుపు వినబడేంత దూరంలోనే ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాము.